పాట గదిది

రోహిణి కార్తె, మొదటి వారం

పాటగది కట్టుకునేవాళ్ళు గదికి చేసే ప్రతి మార్పునూ ఎప్పటికప్పుడు రాసిపెట్టాలని నిబంధన. కోపం రాయకూడదని మాత్రం అందులో ఎక్కడా లేదు. కాబట్టి రెండూ రాస్తాను.

నా పేరు నాంచారి. గది మూడో టవర్‌లో, పైనుంచి రెండో వరస. అచ్చం పుచ్చకాయ ముక్క. గుమ్మం దగ్గర ఇద్దరు పక్కపక్కన నిలబడలేరు. లోపలికి పోయేకొద్దీ వెడల్పవుతుంది. చివర టవర్ గోడ విల్లులా వంగి ఉంటుంది. కప్పు ఒక పక్కకి వాలింది. నట్టనడుమ నేలలోంచి లేచి కప్పులోకి పోయే నీళ్ళ గొట్టం. వెనకటి రోజుల్లో కరెంటు తయారుచేసేవాళ్ళు వేడినీళ్ళు చల్లార్చుకోవడానికి కట్టిన టవర్లు ఇవి. ఇప్పుడు బయటి ఎండకి తట్టుకోలేక మనుషులమే వీటిలో దూరి చల్లారుతున్నాం.

ఈ గది ఎవరికీ అక్కర్లేక ఏళ్ళ తరబడి ఖాళీగా పడి ఉందట. వంటకి వాడుకుంటారా అని సంఘంవాళ్ళు అడిగారు. పాటగది చేసుకుంటానంటే వాళ్ళలో ఒకాయనకి నవ్వాగక పొలమారింది.

లోపలికెళ్ళి ఒక చప్పట కొట్టి చూశాను. వంపు గోడ ఆ చప్పుడంతా పోగుచేసి తెచ్చి గది మధ్యలో ఒకచోట కుప్పపోసింది. అక్కడ నిలబడి గొణిగితే నా గొణుగుడు నన్నే ఎవరో చెవిలో తిట్టినట్టు వినపడింది. పైన 'ని' కీచుమంటుంది. కింద 'స' ఎంతకీ ఆరదు. పాటకి ఇంతకన్నా పనికిమాలిన గది ఈ ఎనిమిది టవర్లలోనూ ఉండదు. నాకు అడిగేవాళ్ళు లేని గదే కావాలి. తీసుకున్నాను.

రోహిణి, రెండో వారం

రోహిణిలో రోళ్ళు పగులుతాయంటారు. మా టవర్‌కి బయటి సున్నం పెచ్చులుగా ఊడుతోంది. ఎండగంట మోగాక ఎవరూ బయటికి పోకూడదు. అందుకే నీళ్ళు తెల్లవారగానే వదులుతారు. వదిలేముందు హారన్ మైకుల్లో పాట వేస్తారు.

ఆ పాట పాడేది మా అక్క రంగనాయకి. అక్క పోయి ఏడాదిన్నరయింది. రోజూ పొద్దున్నే బిందె పట్టుకుని, వరసలో నిలబడి, చచ్చిపోయిన మా అక్క గొంతు వింటాను. పాట అయ్యాక ఒక మగగొంతు "కోదండపాణి హాలు పాట" అంటుంది. అక్క పేరు ఉండదు. పాట కట్టింది నేను. నా పేరూ ఉండదు.

ఎందుకంటే పాట గదిది. యంత్రాలు ఏ గొంతునైనా మక్కికి మక్కి దించేయడం నేర్చుకున్నాక జనం గొంతుల్ని నమ్మడం మానేశారు. గదిని దించడం మాత్రం వాటికి ఇంకా చేతకాలేదు. ఎందుకో నన్నడగొద్దు. ప్రతి పాటగదిలోనూ చప్పట కొట్టి, ఏడు స్వరాలూ ఒక్కొక్కటి ఎంతసేపు నిలిచి ఆరిపోతాయో చెవిపెట్టెతో కొలుస్తారు. దాన్నే గది మోత అంటాం. ఆ కొలత గుమ్మం మీద అందరికీ కనపడేలా రాయిస్తారు. పాటలో ఏ గది మోత వినపడితే పాట ఆ గదిది. గది ఎవరిదైతే పాట వాళ్ళది.

హాలు కోదండపాణిది. ఐదో టవర్ కింద, పాత యంత్రాల షెడ్డులో ఉంటుంది. అక్కా నేనూ చుట్టరికం లేకపోయినా ఆయన్ని బాబాయి అని పిలుస్తూ ఆ హాల్లోనే పాడాం, అక్కడే వండుకున్నాం, అక్కడే పడుకున్నాం. మోత అణగడానికి ఆయన గోడల నిండా గాజు ఊలు కూరించాడు. దాని మీద గుడ్డ బిగించాలి. బిగిస్తే స్వరాల తళుకు పోతుందన్నాడు. అసలు సంగతి పిసినారితనం. అక్క పడక గోడ వారన ఉండేది. పొద్దున లేచేసరికి దుప్పటి మీద సన్నగా ఏదో మెరిసేది. తళుకు నా మీదే రాలుతోందే అని అక్క నవ్వేది. కొన్నాళ్ళకి దగ్గు మొదలైంది. ఆ తర్వాత దగ్గులో రక్తం.

అక్కని సాగనంపేటప్పుడు తన పాట ఒక్కసారి వినిపించమని ఆయన్ని అడిగాను. పదిమంది ముందు నా తల నిమిరి, "పాట గదిదమ్మా. నీదీ కాదు, పోయినదానిదీ కాదు," అన్నాడు. ఆ చెయ్యి బరువు నా తల మీద ఇంకా ఉంది.

అదే నిబంధనలో చివర ఇంకో మాట ఉంది. ఒక మోత ఒక్క గదిలోనే మోగాలి. రెండు గదుల్లో మోగినా, అసలు ఎక్కడా మోగకపోయినా, పాట పాడిన గొంతుది. ఆ గొంతు లేకపోతే దాని తాలూకు వాళ్ళది. ఏ రెండు గదులూ ఒకేలా మోగవు కాబట్టి ఆ మాట ఎవరికీ పట్టలేదు. నాకు పట్టింది. ఈ పుచ్చకాయ ముక్కని కోదండపాణి హాలులా మోగిస్తాను. ఆయన కొలత ఆయన గుమ్మం మీదే రాసి ఉంది.

మృగశిర

పక్క గది మస్తాన్‌బీ వాళ్ళది దూదేకులవాళ్ళ ఇల్లు. హాలు విడిచి వచ్చినప్పటినుంచీ నేను తలదాచుకున్నది అక్కడే. పరుపులూ దిళ్ళూ కుడుతుంది. నా పని చూసి జాలిపడి టవర్ అంతా తిరిగి గుడ్ల అట్టలు పోగుచేసి తెచ్చింది. ఆమె తెచ్చిన అట్టలు, నా పాత చీరలు, కర్టెన్లు, ఏది దొరికితే అది గోడలకి కొట్టేశాను. గది గంతలు కట్టిన గానుగెద్దులా తయారైంది.

చప్పట కొట్టాను. పై స్వరాలు పుట్టకముందే చచ్చిపోయాయి. కింది స్వరాలు మాత్రం ఎప్పటిలాగే ఊగుతున్నాయి. పల్చటి గుడ్డకి కీచు దొరుకుతుంది గానీ గుమ్ము దొరకదు. ఇది తెలియక కాదు, ఆత్రం. పగ పట్టినవాడికి ఆత్రం ఉండకూడదు. వారం రోజుల పని ఒక్క పూటలో పీకేశాను.

"పీకడంలో ఉన్న హుషారు కట్టడంలో లేదే నీకు," అంది మస్తాన్‌బీ.

నిజమే. పీకుతున్నంతసేపూ అది కోదండపాణి గడ్డం అనుకున్నాను.

మళ్ళీ మొదలుపెట్టాను. నీళ్ళు వచ్చేటప్పుడు గొట్టం గుడగుడలాడుతుంది కాబట్టి దానికి గోనెసంచులు చుట్టి, పైన కొబ్బరి తాడు బిగించాను. కొబ్బరిపీచు దిట్టంగా కూరి పలకలు చేశాను. ప్రతి పలకకీ చిక్కటి నేతగుడ్డ బిగించాను. ఎంత ఆలస్యమైనా గుడ్డ లేని పలక ఒక్కటి కూడా ఎక్కించలేదు.

ఆరుద్ర

ఆరుద్ర కురిస్తే దారిద్ర్యం లేదంటారు. కురిసింది. నా గదికి మాత్రం కింది 'స' దగ్గర దారిద్ర్యం తీరలేదు.

మిగతావి దారికొచ్చాయి. పలకల్ని గోడకి అంటించకుండా జానెడు ఎడంగా నిలబెడితే 'రి', 'గ' అణిగాయి. వంపు గోడకి ఎత్తుపల్లాలుగా చెక్కముక్కలు బిగించాను. ఒకటి బెత్తెడు, పక్కది జానెడు, ఆ పక్కది మళ్ళీ పొట్టి. చప్పుడు ఒకచోట కుప్పపడడం మానేసి గదంతా చెదిరింది. వాలు కప్పు కింద మాత్రం ఏమీ పెట్టకుండా వదిలేశాను. కోదండపాణి హాల్లో 'ప' కాస్త మెరుస్తుంది, ఆ మెరుపు అక్కడ దొరికింది.

ఆరు స్వరాలు ఆయన గుమ్మం మీది కొలతకి వెంట్రుకవాసి తేడా లేకుండా కుదిరాయి. కింది 'స' ఒక్కటే మొండికేసింది. ఇసక బస్తాలు పెట్టాను. బియ్యం డబ్బాలు పెట్టాను. మస్తాన్‌బీని, వాళ్ళ అత్తగారిని తెచ్చి మూల నిలబెట్టాను. ఆవిడ బాగా లావు కాబట్టి కొంచెం ఆశ పడ్డాను. ఆ 'స' మాత్రం వెళ్ళొస్తానని లేచి గుమ్మంలో గంటసేపు నిలబడే చుట్టంలా అలాగే ఉంది.

పునర్వసు

కోదండపాణి వచ్చాడు. ఎవరో కబురు మోసి ఉంటారు. గుమ్మం సందులోంచి పక్కకి తిరిగి మరీ లోపలికొచ్చాడు. పొట్ట కొంచెం గీసుకుంది. అంతా చూశాడు. ఒక చప్పట కొట్టి విన్నాడు. ఆయన చెవి మంచిది, అది కాదనను. ఆయన ముఖంలో నవ్వు రెప్పపాటు ఆగింది. తర్వాత కింది 'స' వినపడి మళ్ళీ వచ్చింది.

"వంకర గదికి ఎన్ని గోనెలు కట్టినా వంకర గదేనే. ఇందులో పాటలేంటి, పచ్చళ్ళు పెట్టుకో," అన్నాడు.

మర్నాడే సంఘానికి ఫిర్యాదు వెళ్ళింది. టవర్ గోడకి మేకులు కొట్టి పగుళ్ళు తెస్తున్నానట. ఆశ్లేష దాటేలోగా గదికి మోత పరీక్ష చేయించి పాటగదిగా రాయించుకోకపోతే పీకేసి ఖాళీ చేయాలని కబురొచ్చింది. పరీక్ష ఒక్కసారే. తప్పితే ఇంకో గది కూడా ఇవ్వరు. అంటే ఇది పోతే నేను బతికున్నంతకాలం పొద్దున్నే బిందె పట్టుకుని అక్క గొంతు మీద ఆయన పేరు వింటూ ఉండాలి.

ఆ రాత్రి అన్నం సహించలేదు. కోదండపాణి నవ్వాడన్నది కాదు నా బాధ. ఆ ఒక్క స్వరం గురించి ఆయన చెప్పింది నిజం.

పుష్యమి

వానలకి మస్తాన్‌బీ అటక కారుతోంది. "మీ అక్క పరుపు తడుస్తోందే. నీ గదిలో పెట్టుకుంటావా, ఆరేసి ఎవరికైనా ఇచ్చేయనా?" అని అడిగింది.

ఆ పరుపు సంగతి రాయాలి. బూరుగుదూది పరుపు, మందంగా, గడ్డలు గడ్డలుగా ఉంటుంది. అక్క ఎప్పుడూ దాన్ని ఏకనిచ్చేది కాదు, తన ఒంటికి అలవాటైన గడ్డలంటూ. అక్క పోయిన పదో రోజున కోదండపాణి వచ్చి, చచ్చినదాని పడక నా హాల్లో ఉంటే అరిష్టం, ఇవాళే బయట పడేయ్ అన్నాడు. ఎవరైనా అదే చేస్తారు, పోయినవాళ్ళ పడక ఇంట్లో ఉంచుకోరు. నాకు మాత్రం చేతులు రాలేదు. హాల్లోంచి తీసుకొచ్చాను గానీ పారేయలేదు. మస్తాన్‌బీ ఏమీ అడగకుండా అటక మీద దాచింది. అన్నాళ్ళూ దాని ముఖం చూడలేకపోయాను.

ఇవాళ ఇద్దరం మోసుకొచ్చాం. చెమ్మవాసన వెనక ఇంకా అక్క రాసుకునే కొబ్బరినూనె వాసన ఉంది. నాకు తెలియకుండానే చుట్ట చుట్టి, తాడు కట్టి, ఎడమ మూల నిలబెట్టాను. అక్క రోజూ పొద్దున అలాగే నిలబెట్టేది. తర్వాత అలవాటు కొద్దీ చప్పట కొట్టి, అద్దెకి తెచ్చుకున్న చెవిపెట్టె చూశాను.

కింది 'స' ఆరిపోయింది. అచ్చం ఆయన గుమ్మం మీద రాసినంతసేపే నిలిచి ఆరిపోయింది. మిగతావి వెంట్రుకవాసి కదిలితే రెండు చెక్కలు జరిపాను, అవీ కుదిరాయి. ఏడుకి ఏడు.

నేలమీద చతికిలబడ్డాను. మస్తాన్‌బీ కంగారుపడి నీళ్ళు తెచ్చింది. తాగుతుండగా తట్టింది. హాలు మోత కొలవడానికి అధికారులు వచ్చిన పొద్దున్న ఆ హాల్లోనూ ఎడమ మూల ఈ పరుపే నిలబడి ఉంది. అక్క అప్పుడే లేచి చుట్టి నిలబెట్టింది. కొలిచినవాళ్ళకి గానీ, కోదండపాణికి గానీ, మాకు గానీ అది కనపడలేదు. పొద్దున్నే చుట్టి మూలన పెట్టిన పరుపు ఎవరికి కనపడుతుంది? అదీ గోడలో భాగమే అనుకుంటాం. గుమ్మం మీద ఆయన రాయించుకున్నది హాలు మోత కాదు. మా అక్క పరుపు కూడా ఉన్న హాలు మోత.

దాన్ని ఆయనే బయట పడేయించాడు. ఏడాదిన్నరగా ఆ హాలుకి దాని మోత లేదు. అప్పటినుంచీ అక్కడ కొత్త పాట ఏదీ రాయించలేదు, పాతవాటి మీదే బతుకుతున్నాడు కాబట్టి ఎవరికీ తెలియలేదు.

చాలాసేపు నవ్వాను. అలా నవ్వి ఎన్నాళ్ళయిందో. మస్తాన్‌బీ భయపడి తలుపు దగ్గరికి వేసింది.

ఆశ్లేష

పరీక్ష అయింది. పరీక్షాధికారి సంజీవరాణి గారు. మాట తక్కువ మనిషి. నా గదిలో మొదటి చప్పట కొట్టగానే ఆవిడ కనుబొమలు లేచాయి. మళ్ళీ కొట్టారు. ఇదే మోత ఐదో టవర్ హాలు పేర రాసి ఉందన్నారు. అలాగైతే రెండూ ఇవాళే చూడాలి అని చెవిపెట్టె సంచిలో పెట్టుకుని బయల్దేరారు. నేనూ వెంట వెళ్ళాను. పరుపు మోసుకొచ్చేశాక ఆ హాలు గుమ్మం తొక్కడం అదే మొదటిసారి.

కోదండపాణి దర్జాగా తలుపులు తీశాడు. ఆ గాజు ఊలు ఇంకా గుడ్డ లేకుండానే ఉంది. సంజీవరాణి గారు చప్పట కొట్టారు. కింది 'స' లేచి, హాలంతా తిరిగి, ఎంతకీ కూర్చోలేదు. ఆయన ముఖం పాలిపోయింది. తలుపులు మూయించాడు. సోఫాలు జరిపించాడు. మనుషుల్ని పిలిచి నిలబెట్టాడు. నేను ఆరుద్రలో పడ్డ పాట్లన్నీ ఒక్క పూటలో పడ్డాడు. ప్రతి చప్పటా విన్నాను. ఏ కచేరీ అయినా నా చెవులకి అంత కమ్మగా ఉండదు.

"ఇది మీ గుమ్మం మీద రాసిన మోత కాదండీ," అన్నారు సంజీవరాణి గారు.

అందరం మళ్ళీ నా గదికి వచ్చాం. హాల్లో పాడే మిగతా పాటగాళ్ళు కూడా వెంటొచ్చి వసారాలో నిలబడ్డారు. వాళ్ళ పాటలూ ఆ మోతలోనే ఉన్నాయి. ఆ మోత ఈ ఒక్క గదిలోనే మోగుతోంది కాబట్టి పాటలన్నీ ఈ గదివే అని సంజీవరాణి గారు చెప్పారు. అంటే నావి. అందరివీ నావి. ఒక్క నిమిషం ఆశ పుట్టలేదంటే అబద్ధం.

కోదండపాణి అప్పుడు మూలనున్న పరుపును చూశాడు. ఆయన చెవే కాదు, బుర్ర కూడా మంచిదే.

"అది నా హాలుదే. ఇచ్చెయ్ నాంచారీ. చెరి సగం చేసుకుందాం. ఎంతైనా బాబాయిని," అన్నాడు.

"దీని గురించి ఆ రోజు ఏమన్నారో, అందరూ వినేట్టు ఇంకోసారి అనండి కోదండపాణి గారూ."

ఆయన నేల చూశాడు. అక్కడున్న పాటగాళ్ళలో ఆ రోజు విన్నవాళ్ళున్నారు. వాళ్ళలో ఒకరు, "చచ్చినదాని పడక నా హాల్లో ఉంటే అరిష్టం," అని ఆయన గొంతు అనుకరిస్తూ వినిపించారు. ఎవరూ నవ్వలేదు.

నేను సంజీవరాణి గారిని అడిగాను. "ఈ మోత రేపటినుంచి ఎక్కడా మోగకపోతే పాటలు ఎవరివండీ?"

"పాడిన గొంతులవమ్మా."

"మస్తాన్‌బీ, విల్లు పట్రా."

మంచితనంతో చేశానని ఎవరూ అనుకోవద్దు. ఆ పరుపు అలా ఉన్నన్నాళ్ళూ ఆయనకి ఒక ఆశ ఉంటుంది. ఇవాళ కాకపోతే రేపు కోర్టుకెక్కి లాక్కోవచ్చు, దొంగిలించవచ్చు. ఆయనకి ఏ ఆశా మిగలకూడదు. గడ్డలు పోతే ఆ మోత మళ్ళీ పుట్టదు. దానికోసం నాకు అక్క గడ్డలు పోతాయి. పోనీ అనుకున్నాను. అనుకున్నాక కళ్ళు మండాయి.

కుట్లు నేనే తెంపాను. మస్తాన్‌బీ దూది ఏకే విల్లు తెచ్చి నేలమీద కూర్చుని నారి మీటింది. గడ్డలు విచ్చుకుని దూది లేచింది. మొదట నెమ్మదిగా, తర్వాత గదంతా. అంతా కప్పు దాకా తేలింది. కోదండపాణి ఆపమని అరిచాడు, నా పేరు పెట్టి బతిమాలాడు. దూది మీద పడేసరికి జేబులోంచి రుమాలు తీసి ముక్కుకి గట్టిగా కట్టుకున్నాడు.

నేను ఆ రుమాలు వైపే చూశాను.

"గోడలకి ఆ మాత్రం గుడ్డ కట్టి ఉంటే చాలేది కోదండపాణి గారూ," అన్నాను.

ఆయన పక్కకి తిరిగి ఆ సందులోంచి బయటపడ్డాడు. దూది అణిగాక సంజీవరాణి గారు మళ్ళీ చప్పట కొట్టారు. పాత మోత పోయింది, గదికి కొత్త మోత వచ్చింది. రాసుకున్నారు.

మఖ

మస్తాన్‌బీ ఆ దూదితో కొత్త పరుపు కుట్టింది. మెత్తగా ఉంది. నాకు నచ్చలేదు గానీ దానిమీదే పడుకుంటున్నాను. గదికి పరీక్ష రోజు తేలిన ఆ కొత్త మోతే రాయించుకున్నాను. నా గుమ్మం మీద గాయకుల పేర్లు రాయడానికి చోటు వదిలాను.

నీళ్ళ ఆఫీసు నుంచి ఒకమ్మాయి వచ్చింది. పొద్దుటి పాట ఇకనుంచి రంగనాయకి గారి తాలూకు మనిషిగా నాది కాబట్టి, వేయడానికి నా ఒప్పుదల కావాలట. పాట అయ్యాక ఏమని చెప్పాలి, ఇంకేమైనా మార్పులున్నాయా అని అడిగింది.

"పాడినది రంగనాయకి" అని చెప్పమన్నాను. ముందొకసారి, వెనకొకసారి.

ఇంకొక్క మార్పు కోరాను. ఇన్నాళ్ళు చప్పుడును ఎటు తిప్పితే ఎటు పోతుందో నేర్చుకున్నాను కదా. ఐదో టవర్ దగ్గర హారన్ వీధివైపుకి ఉంది. దాన్ని కాస్త ఎడమకి తిప్పి, పైకి ఎత్తమన్నాను. అక్కడ రెండో వరసలో కోదండపాణి పడకగది కిటికీ ఉంది. ఉక్కకి తట్టుకోలేక ఎవరూ పొద్దున్నే కిటికీ మూయరు.

ఇవాళ పనిగట్టుకుని వెళ్ళి, బిందె పట్టుకుని, ఐదో టవర్ వరసలో నిలబడ్డాను. మా అక్క పేరు సరిగ్గా ఆ కిటికీలోకే వెళ్ళింది.